గంటసేపు గ్రూపు, రోజంతా తరగతి

(కొండగట్టు దిగువన జరిగిన స్మారక సభలో చేసిన ప్రసంగానికి అచ్చు రూపం)

 

ఏ పెద్దసారు పేర ఈ సభ జరుపుకుంటున్నామో ఆయన సర్వీసు అంతా ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలతోనే గడిచింది. హెడ్మాస్టరైన తర్వాత కూడా ఆ రెండు తరగతులను ఇంకొకరికి వదిలిపెట్టలేదు. అందుకే ఈ ఏడు నేను పెద్ద పెద్ద విద్యావిధానాల జోలికి పోవడం లేదు. మూడో తరగతి గడప దాటని పిల్లల గురించి, వాళ్ల చేతిలోని వాచకం గురించి మాట్లాడతాను. నా ప్రశ్న ఒక్కటే. ఒకే తరగతిలో కూర్చున్న ఇరవై మంది పిల్లలు ఇరవై రకాలుగా చదువుతున్నప్పుడు వాళ్లను స్థాయిని బట్టి విడదీయాలా, అందరినీ కలిపే నడిపించాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, దాచిపెట్టి చివర్లో చెప్పే విషయం కాదిది. విడదీయాలి. కానీ రోజుకు గంట, గంటన్నర మాత్రమే. చదవడం నేర్పడానికి మాత్రమే. మళ్లీ కలపడం కోసమే. ఆ గంట దాటి మిగతా రోజంతా గ్రూపు కొనసాగితే అది చదువు కాదు, పిల్లల మీద వేసే ముద్ర. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో వెతకడమే నా ప్రసంగం.

ముందు మనం ఎక్కడున్నామో చూద్దాం. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసే అసర్ సర్వేలో ఒక చిన్న కాగితం ఉంటుంది. దాని మీద అక్షరాలు, చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, ఒక కథ. కథ రెండో తరగతి స్థాయిది. తెలంగాణ గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవాళ్లు 2018లో 18.1 శాతం. కరోనా తర్వాత 2022లో 5.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కు పడింది. దేశం మొత్తమ్మీద 27.3 నుంచి 20.5కు దిగింది. ఇవి సర్కారు బడులు, ప్రైవేటు బడులు రెండూ కలిపిన లెక్కలు. కాబట్టి ఫీజు కడుతున్నామన్న ధీమా ఎవరికీ అక్కర్లేదు.

5.2 శాతం అంటే ఇరవై మందిలో ఒకరు. మూడో తరగతి వాచకం ఎవరి కోసం రాశారో ఆ ఒక్కరి కోసమే పాఠం నడుస్తున్నది. మిగతా పందొమ్మిది మంది పుస్తకం తెరిచి, వేలు కదిలిస్తూ, గొంతు కలుపుతున్నారు. బయటి నుంచి చూస్తే తరగతి అంతా చదువుతున్నట్టే ఉంటుంది.

జగిత్యాలకు దగ్గర్లోని ఒక బడిలో మూడో తరగతి అమ్మాయి నాకు పాఠం చదివి వినిపించింది. గొంతు గట్టిది, తడబాటు లేదు. పేజీ సగానికి వచ్చేసరికి ఆమె వేలు ఒక వరుసలో, గొంతు రెండు వరుసల కింద ఉన్నాయి. నేను పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి, "ఇదేంది బిడ్డా?" అన్నాను. ఆమె క్షణం ఆగి, పెదవులు మాత్రమే కదుపుతూ పాఠాన్ని మొదటి నుంచి గొణుక్కుంటూ వచ్చి, సరిగ్గా ఆ మాట దగ్గర ఆగి, "చెట్టు సార్" అంది. ఎంత తెలివో చూడండి. చదవడం రాని పిల్ల, మాట ఎక్కడుందో జ్ఞాపకంతో లెక్కగట్టి పట్టుకున్నది. పలక మీద తల, బల, పలక, కమల అని రాసి ఇచ్చాను. అన్నీ చదివింది. తాత, తీగ, చేను అని రాశాను. తత, తగ, చన అని చదివింది. అంటే ఆమెకు అక్షరాలు వచ్చు, గుణింతం గుర్తులు కంటికి ఆనడం లేదు. ఆమెకు కావలసింది మూడో తరగతి పాఠం పదోసారి చెప్పడం కాదు. దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం పట్టుకుని కొన్ని వారాలు రోజూ గంటసేపు పక్కన కూర్చునే మనిషి కావాలి.

బయటికి వస్తుంటే ఆ పిల్ల తల్లి గేటు దగ్గర ఆపింది. "మా పొల్లను సీ గ్రూపుల ఏసిండ్రట సార్. సీ అంటే ఫెయిలేనా?" అని అడిగింది. ఆమె అడిగిన తీరులో కోపం లేదు, సిగ్గు ఉంది. ఆ సిగ్గును ఆమెకు అంటగట్టింది మనమే. పిల్ల స్థాయి చెప్పడానికి మనం వాడిన ఒక్క అక్షరం, ఆ పిల్లకు ఏం రాదో, ఏం వచ్చో, రేపు ఏం చేయబోతున్నామో ఏదీ చెప్పలేదు. ఇంటికి చేరిన సమాచారమల్లా ఒక్కటే, మీ పిల్ల చివరి వరుసది అని.

ఒకే తరగతిలో ఇన్ని స్థాయులు ఎందుకున్నాయో మన ప్రాంతం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. తండ్రి దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటాడు. తల్లి బీడీలు చేస్తుంది. సిరిసిల్లలో పని తగ్గితే కుటుంబం భివండికో, షోలాపూర్‌కో పోతుంది. ఆర్డర్లు వచ్చాయంటే తిరిగి వస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడు అక్కడ ఏ భాషలో ఎంత చదివాడో తెలియకుండానే ఇక్కడ మూడో తరగతిలో కూర్చుంటాడు. 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోమన్నది, అది న్యాయమే. ఎనిమిదేళ్లవాడిని ఐదేళ్లవాళ్ల మధ్య కూర్చోబెట్టడం ఎవరికీ మంచిది కాదు. అయితే అదే చట్టంలో ఇరవై నాలుగో సెక్షన్ ఉంది. ప్రతి పిల్లవాడి అభ్యసన శక్తిని అంచనా వేసి, అవసరమైన అదనపు బోధన అందించడం ఉపాధ్యాయుడి విధి అని అది చెబుతుంది. చేర్చుకునే సెక్షన్ను అమలు చేశాం, నేర్పే సెక్షన్ను పక్కన పెట్టాం.

2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. తల్లిదండ్రులు కోరుకున్నదే, నేను తప్పుపట్టను. కానీ తెలుగులో గుణింతం కుదరని పిల్లకు ఇప్పుడు రెండు లిపులు ఒకేసారి మీద పడ్డాయి. స్థాయిల మధ్య దూరం ఇంకా పెరిగింది.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. వయసును బట్టి తరగతి, తరగతికొక పుస్తకం, ఏడాదికొక మెట్టు అన్న ఏర్పాటు అనాదిగా ఉన్నదని అనుకుంటాం. కాదు. 1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని బడుల మీద మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెలే ఆయన. అప్పటి బళ్లారి జిల్లాలో ఇప్పటి అనంతపురం కూడా కలిసే ఉండేది, 1882లో విడిపోయింది. ఆయన లెక్కలో 533 బడులున్నాయి. ఆ బడులు ఎట్లా నడిచేవో ఆయన వివరంగా రాశాడు. పిల్లలను వాళ్లకు వచ్చినదాన్ని బట్టి సాధారణంగా నాలుగు జట్లుగా చేసేవారు. కింది జట్లను పెద్ద పిల్లలు చూసుకునేవారు, పై జట్లను పంతులు స్వయంగా చూసేవాడు, బడి మొత్తం మీద మాత్రం ఆయన కన్ను ఉండేది. పిల్లవాడు తన శక్తి, తన పురోగతిని బట్టి ఒక జట్టు నుంచి పై జట్టుకు పోయేవాడు. ఏడాది పూర్తి కావాలన్న నియమం లేదు. వేలితో ఇసుకలో అక్షరం దిద్దడంతో చదువు మొదలయ్యేది. గాంధేయవాది ధరంపాల్ 1983లో ఈ నివేదికలను పుస్తకంగా వేశాక చాలామందికి ఈ సంగతి తెలిసింది.

హనుమాజీపేటలో పుట్టి జ్ఞానపీఠం దాకా వెళ్లిన సి. నారాయణరెడ్డి గారి తొలి చదువు కూడా వీధిబడిలోనే. తర్వాత సిరిసిల్ల, కరీంనగర్‌లలో ఉర్దూ మాధ్యమంలో చదివారు. ఆ వీధిబడుల్లో ఎవరి పలక వాళ్లది, ఎవరి పాఠం వాళ్లది.

అంత మాత్రాన వీధిబడిని తిరిగి తెచ్చుకుందామని నేను అనడం లేదు. క్యాంప్‌బెల్ లెక్కలోనే ఆడపిల్లలు అరవై మంది. పిల్లలు కంఠస్థం చేసే పద్యాలకు అర్థం తెలియదని ఆయనే వాపోయాడు. గమనించండి, కింది జట్టు పెద్ద పిల్లవాడి చేతికి, పై జట్టు పంతులు చేతికి. చదువు బాగా వచ్చినవాడికే మంచి గురువు. రెండు వందల ఏళ్ల నాటి ఈ లోపం ఇవాళ్టికీ మన బడుల్ని వదల్లేదు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

తెలుగు నేల మీద ఈ లోపాన్ని సరిదిద్దిన ప్రయత్నం ఒకటి జరిగింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టూ ఉన్న పల్లెల్లో 1980ల చివర పద్మనాభరావు, రమ దంపతులు ఏకోపాధ్యాయ బడులు నడిపారు. వాచకాన్ని విప్పి కార్డులుగా చేశారు. కార్డులన్నిటినీ ఒక వరుసలో పేర్చి గోడ మీద నిచ్చెన గీశారు. పిల్లవాడు బడికి రాగానే నిచ్చెనలో తన కార్డు ఎక్కడుందో చూసుకుని, పెట్టెలోంచి దాన్ని తీసుకుని కూర్చుంటాడు. పది రోజులు పొలం పనికి పోయి వచ్చినా ఆగిన చోటి నుంచే మొదలుపెడతాడు. అన్నిటికంటే ముఖ్యమైనది కూర్చునే పద్ధతి. పూర్తిగా టీచరు సాయం కావలసినవాళ్లు ఒక చోట, కొంత సాయం చాలినవాళ్లు ఇంకో చోట, తోటివాళ్లతో నేర్చుకునేవాళ్లు వేరే చోట, సొంతంగా చేసుకునేవాళ్లు మరో చోట. చేతిలోని పనిని బట్టి పిల్లవాడు రోజులో రెండు మూడు చోట్లకు మారతాడు. కొత్త పాఠం అందుకునేటప్పుడు ఎవరైనా టీచరు పక్కకే వస్తారు. కాబట్టి అక్కడ కూర్చున్నవాళ్లు మొద్దులన్న మాట పుట్టే అవకాశమే లేదు.

సిరిసిల్లలో సాంచల (మరమగ్గాల) మీద పనిచేసేవాళ్లను చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక్క మనిషి నాలుగు సాంచలు, ఎనిమిది సాంచలు నడుపుతాడు. అన్నిటి ముందూ సమానంగా నిలబడడు. పోగు తెగిన సాంచ దగ్గరికి పోతాడు, ముడి వేస్తాడు, తిరిగి నడిపిస్తాడు. నడిచేవి నడుస్తూనే ఉంటాయి. ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లున్న మన ప్రాథమిక బడుల్లో ఇంతకంటే వేరే దారి లేదు.

ఈ పద్ధతి 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెకు చేరి 'నలి-కలి' అయింది, కర్ణాటక అంతటా పాకింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులకు, ఆ తర్వాత తమిళనాడు మొత్తానికి వెళ్లింది. తెలుగు పల్లెలో పుట్టిన పద్ధతి పక్క రాష్ట్రాలు రెండింటిలో ప్రభుత్వ విధానమైంది. మన దగ్గర మాత్రం ఒక ప్రాజెక్టు తర్వాత ఇంకో ప్రాజెక్టు వచ్చిపోయింది. 1984లో మొదలైన ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) ఆరు సూత్రాల్లో ఒకటి పిల్లల వైయక్తిక భేదాలను గుర్తించమన్నది. తర్వాత క్లిప్ వచ్చింది, క్లాప్స్ వచ్చింది, తెలంగాణ ఏర్పడ్డాక త్రీ ఆర్స్ వచ్చింది, 2022 ఆగస్టులో తొలిమెట్టు వచ్చింది. ఇందులో ప్రతి ఒక్కటీ మంచి ఉద్దేశంతో వచ్చిందే. ముఖ్యంగా తొలిమెట్టు, పిల్లవాడి స్థాయి ముందు చూడండి, తర్వాతే పాఠం అన్న మాటను ప్రతి ప్రాథమిక బడి టీచరు చెవిలో వేసింది. కానీ పేరు మారినప్పుడల్లా రిజిస్టర్లు మారాయి, ఫార్మాట్లు మారాయి. పోయిన పథకంలో నిలదొక్కుకున్నదేదో దాన్ని కూడా పాత రిజిస్టర్లతో పాటే కట్టకట్టి బీరువాలో పెట్టేశాం. తొలిమెట్టుకు కూడా రేపు ఆ గతి పట్టకూడదని నా కోరిక.

స్థాయిని బట్టి నేర్పడం నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు మన దేశంలో దొరికినంత సాక్ష్యం ఇంకెక్కడా లేదనుకుంటాను. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకు, మైకేల్ క్రెమర్‌కు 2019లో నోబెల్ వచ్చిందని అందరికీ తెలుసు. బెనర్జీ, డఫ్లోల పనిలో ఒక ముఖ్య భాగం ప్రథమ్‌తో కలిసి మన పిల్లల చదువు మీద చేసినదే. ముంబయి, వడోదరల్లో వెనకబడ్డ పిల్లలను బడి వేళల్లోనే రోజుకు రెండు గంటలు పక్కకు తీసుకుని స్థానిక యువతులు నేర్పారు. పిల్లలు ముందుకు వచ్చారు. బీహార్‌లో సర్కారు టీచర్లకు శిక్షణ, మెటీరియల్ ఇచ్చారు. టీచర్లు పిల్లలను స్థాయి ప్రకారం కూర్చోబెట్టలేదు, సిలబస్ వెంటే నడిచారు. ఏమీ మారలేదు. 2012-13లో హర్యానాలో అదే సర్కారు టీచర్లతో, టైంటేబుల్‌లోనే ఒక గంట వేరుచేసి, మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలను స్థాయి ప్రకారం కలిపి కూర్చోబెట్టారు. అప్పుడు హిందీ చదవడం మెరుగుపడింది.

ఈ రెండు రాష్ట్రాల మధ్య తేడా టీచర్ల నిబద్ధతలో లేదు. గంటలో ఉంది. ఆ గంట టైంటేబుల్‌లో ఉంటే, అధికారి వచ్చి "సిలబస్ ఎంతైంది?" అని కాకుండా "ఈ గంట జరిగిందా?" అని అడిగితే, టీచరు చేస్తారు. సిలబస్ మాత్రమే అడిగితే సిలబసే చేస్తారు. టీచర్లను తిట్టేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

కెన్యా అనుభవం ఇంకా సూటిగా మన విషయానికి వస్తుంది. 2005లో పశ్చిమ కెన్యాలో 121 బడుల్లో ఒకటో తరగతికి అదనంగా ఒక టీచరును ఇచ్చి రెండు సెక్షన్లు చేశారు. 60 బడుల్లో మార్కులను బట్టి పై సగం ఒక సెక్షన్, కింది సగం ఒక సెక్షన్. 61 బడుల్లో లాటరీ తీసి కలగలుపుగా పంచారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే విడదీసిన బడుల్లో పై సెక్షన్ పిల్లలే కాదు, కింది సెక్షన్ పిల్లలు కూడా ఎక్కువ నేర్చుకున్నారు. ప్రయోగం ఆగిన ఏడాదికి కూడా ఆ తేడా నిలిచింది. ఇది చదివి మన ప్రైవేటు బడుల యాజమాన్యాలు సంతోషపడతాయేమో, మేం చేస్తున్నది అదే కదా అని. కాదు. అక్కడ ఏ టీచరు ఏ సెక్షన్‌కు వెళ్లాలో కూడా లాటరీయే తేల్చింది. కింది సెక్షన్‌కు కూడా పై సెక్షన్ అంత గది, అంత సమయం, అంత మంచి టీచరు దొరికే అవకాశం ఉంది. టీచరు ఎదురుగా ఉన్నవాళ్ల స్థాయి దగ్గరగా ఉంది కాబట్టి పాఠం వాళ్లకు తగ్గట్టు మారింది.

మన దగ్గర టాలెంట్ సెక్షన్, ఒలింపియాడ్ సెక్షన్ అని పెట్టే చోట జరిగేది దీనికి తలకిందులు. అనుభవం ఉన్న టీచరు, మంచి గది, స్టడీ అవర్ పై సెక్షన్‌కు. కొత్తగా చేరిన, జీతం తక్కువ టీచరు కింది సెక్షన్‌కు. ఆరేళ్ల పిల్లకు కూడా సెక్షన్ అక్షరం ఏమిటో, దాని అర్థం ఏమిటో తెలుసు. కొన్ని చోట్ల బస్సులో ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో కూడా అదే నిర్ణయిస్తుంది. దీన్ని నేను ఎక్కడ చూసినా వ్యతిరేకిస్తాను. సర్కారు బడిలో జరిగినా వ్యతిరేకిస్తాను.

ఎందుకంటే గ్రూపు చేసేవాళ్ల కళ్లు పిల్లవాడి చదువును మాత్రమే చూస్తాయన్న హామీ లేదు. అమెరికాలో రే రిస్ట్ అనే పరిశోధకుడు సెయింట్ లూయిస్ నగరంలో నల్లజాతి పిల్లల బడి ఒకదాన్ని ఏళ్ల తరబడి గమనించి 1970లో రాశాడు. కిండర్‌గార్టెన్ మొదలైన ఎనిమిదో రోజునే టీచరు పిల్లలను మూడు బల్లల దగ్గర కూర్చోబెట్టింది. పరీక్ష పెట్టలేదు. బట్టలు శుభ్రంగా ఉన్నవాళ్లు, ఇంటి పరిస్థితి బాగున్నవాళ్లు, టీచరు భాషలో మాట్లాడేవాళ్లు మొదటి బల్లకు. రెండో తరగతికి వచ్చేసరికి కూడా దాదాపు ఆ పిల్లలు ఆ వరుసల్లోనే ఉన్నారు. ఆ తరగతి టీచరు పెట్టిన గ్రూపు పేర్లు పులులు, కార్డినల్ పిట్టలు, చివరిది బఫూన్లు. ఎనిమిది రోజుల్లో వేసిన అంచనా, బట్టలు చూసి వేసిన అంచనా, రెండో తరగతి దాకా నిలిచింది. మన ఊళ్లలో ఆ మొదటి బల్ల ఎవరిదో, చివరి బల్ల ఏ వాడకట్టు పిల్లలదో చెప్పమంటే ఇక్కడున్నవాళ్లు చెప్పగలరు.

అదే అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని జోప్లిన్ అనే ఊళ్లో ఇంకో పద్ధతి వచ్చింది. రోజంతా పిల్లలు తమ తరగతిలోనే ఉంటారు. చదివే గంట కొట్టగానే మాత్రం వేర్వేరు తరగతుల నుంచి ఒకే స్థాయి పిల్లలు ఒక టీచరు దగ్గరికి వెళ్తారు. గంట అయిపోగానే తిరిగొస్తారు. రాబర్ట్ స్లావిన్ 1987లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి, తరగతినే శాశ్వతంగా విడదీసే పద్ధతికి ఫలితం కనిపించలేదని, జోప్లిన్ తరహా పద్ధతికి కనిపించిందని తేల్చాడు. నేను మొదట చెప్పిన గీత ఇక్కడే ఉంది.

ఇక స్థాయి అంటే ఏమిటి? ఇక్కడ మనం ఇతరుల కొలతలను యథాతథంగా తెచ్చుకుంటే నష్టపోతాం. 2021 జులై 5న కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతి పిల్లవాడు నిమిషానికి కనీసం అరవై మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని ఉంది. హిందీలో 'ఘర్ మే' అంటే రెండు మాటలు. తెలుగులో 'ఇంట్లో' ఒక్క మాట. 'వెళ్లిపోతున్నప్పుడు' అన్నది మనకు ఒకే మాట, దాన్ని చదవడానికి పిల్లవాడు దాటవలసిన అక్షరాలు, ఒత్తులు ఎన్నో లెక్కపెట్టండి. రాష్ట్రాలన్నిటికీ ఒకే అంకె పెట్టి మన పిల్లవాడిని నెమ్మదివాడు అనడం అన్యాయం.

అసర్ కాగితం మీద అక్షరం తర్వాతి మెట్టు మాట. సర్వేకు అది చాలు, నేర్పడానికి చాలదు. తెలుగులో ఆ రెంటి మధ్య పెద్ద ఖాళీ ఉంది. నేను చెప్పిన అమ్మాయి ఇరుక్కున్నది అక్కడే. సోనాలీ నాగ్ కన్నడ పిల్లల మీద చేసిన పరిశోధన, ఇలాంటి లిపుల్లో అక్షర సముదాయం మొత్తం పట్టుబడడానికి ఏళ్లు పడుతుందని, నాలుగో తరగతిలో కూడా అది సాగుతూనే ఉంటుందని చూపించింది. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు కాబట్టి ఆ మాట మనకూ వర్తిస్తుంది. మన పాతవాళ్లకు ఈ మెట్లు తెలుసు. 1832లో పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష రాసిన నాటి నుంచి తెలుగు వాచకాల్లో గుణింతం, రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు అంటూ ఒక క్రమం నడిచింది. బట్టీ పట్టించడం వల్ల ఆ క్రమానికి చెడ్డపేరు వచ్చింది గానీ క్రమం తప్పు కాదు. గుణింతం లేని మాటలు, గుణింతం ఉన్న మాటలు, ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు, చిన్న పేరా, కథ. ఈ ఆరు మెట్లు ఒక అట్టముక్క మీద రాసుకుంటే చాలు. ఒక్కో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఐదు నిమిషాలు చదివించండి. పేరాతో మొదలుపెట్టండి. వస్తే కథకు, రాకపోతే కిందికి. ఐదు మాటల్లో నాలుగు సరిగ్గా చదివితే ఆ మెట్టు వచ్చినట్టే. రాత పరీక్ష వద్దు. చదవడం రాని పిల్లకు రాత పరీక్ష పెట్టి సున్నా వేస్తే ఆ సున్నా మనకు ఏమీ చెప్పదు.

ఒక జాగ్రత్త. స్థాయి అన్నది నేర్పే గంటకు మాత్రమే, పుస్తకం చేతికి తీసుకోవడానికి కాదు. ప్రథమ్ బుక్స్ వారి తెలుగు పుస్తకాల మీద ఒకటి నుంచి నాలుగు దాకా అంకె ఉంటుంది. పుస్తకం ఎంచడానికి టీచరుకు అది మంచి సాయం. కానీ మొదటి మెట్టు పిల్ల నాలుగో అంకె పుస్తకంలో ఏనుగు బొమ్మ చూసి కావాలంటే ఇవ్వండి. 'మంచి పుస్తకం' ప్రచురణ సంస్థ వారి బొమ్మల కథ ఒకటి చదవలేకపోయినా ఒడిలో పెట్టుకోనివ్వండి. మిగతా సమయంలో అందరికీ కలిపి మీరు గట్టిగా కథ చదివి వినిపించండి. చదవడం రాని పిల్లకు కథ అర్థం కాదని అనుకోవద్దు. ఆ అమ్మాయి పాఠం మొత్తం నోటికి పట్టింది వినే కదా. లెక్కల్లో, ఆటల్లో, బతుకమ్మ పాటల్లో, చేతిపనుల్లో గ్రూపులు మళ్లీ కలిసిపోవాలి. చదువులో వెనకున్న పిల్ల లెక్కల్లో ముందుండడం నేను ఎన్నో బడుల్లో చూశాను. బీడీల కట్టలు లెక్కపెట్టే ఇంటి పిల్లకు ఇరవై ఐదుల ఎక్కం బడి నేర్పక ముందే వచ్చి ఉంటుంది.

టీచర్లు నన్ను ఇప్పుడు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఇద్దరమే ఉన్నాం, ఐదు తరగతులున్నాయి, మధ్యాహ్న భోజనం మేమే చూసుకోవాలి, ఫోన్లో ఫోటోలు అప్‌లోడ్ చేయాలి, ఎప్పుడు చేయమంటారు? నిజమే. నా సమాధానం, ఉదయం మొదటి గంట. ఒకటో తరగతిని విడిగా ఉంచండి, వాళ్లకు ఇంకా తొందర లేదు. రెండు నుంచి ఐదు దాకా పిల్లలందరినీ తరగతి మరిచిపోయి మూడు జట్లు చేయండి. అక్షరాలు, గుణింతాల జట్టు దగ్గర ఇద్దరిలో అనుభవం ఎక్కువున్న టీచరు కూర్చోవాలి. హెడ్మాస్టరైతే మరీ మంచిది. పెద్దసారు తన చేతిలో ఆ రెండు తరగతులే పెట్టుకోవడంలో ఉన్న విషయం ఇదే. మధ్య జట్టును రెండో టీచరు చూసుకోవాలి. పేరాలు, కథలు చదవగలిగిన జట్టుకు పుస్తకాలు ఇచ్చి వదిలేయండి, ఒకరికొకరు చదువుకుంటారు. వాళ్లకు ఆ గంటలో మీ అవసరం తక్కువ.

జట్లకు ఏ, బీ, సీ పేర్లు వద్దు, పువ్వుల పేర్లు పెట్టి దాచడమూ వద్దు. పిల్లలు మూడో రోజుకే కనిపెడతారు. పేరు పెట్టాలంటే చేసే పని పేరు పెట్టండి, గుణింతాల జట్టు, కథల జట్టు అని. ఆ తల్లి అడిగినప్పుడు చెప్పడానికి జవాబు కూడా అదే అవుతుంది. "మీ పాపకు అక్షరాలు వచ్చమ్మా, గుణింతం నేర్పుతున్నం, దసరాకల్లా మాటలు చదువుతది." ఈ మాటలో సిగ్గుపడే పని ఏముంది? జూన్‌లో ఒకసారి, దసరా సెలవుల తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి మళ్లీ ఐదు నిమిషాల పరీక్ష పెట్టాలి. నడుమ ఎవరికి పట్టుబడితే వాళ్లను వెంటనే పై జట్టులోకి పంపాలి. జూన్‌లో గుణింతాల జట్టులో ఉన్నవాళ్లు సంక్రాంతికి కూడా అక్కడే ఉంటే, లోపం పిల్లల్లో వెతకకుండా ఆ గంట ఎట్లా గడుస్తున్నదో స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో కూర్చుని మాట్లాడుకోవాలి.

చివరగా పెద్దసారు పేర ఈ సభ జరిపే స్మారక నిధి నిర్వాహకులకు ఒక విన్నపం. ఏటా ఈ సభలో ఐదో తరగతిలో ఫస్టు, సెకండు వచ్చిన పిల్లలకు నగదు బహుమతి ఇస్తున్నారు. ఆ సొమ్ముతో ఈ ఏడు నుంచి మండలంలోని ప్రతి ప్రాథమిక బడికి ఒక కట్ట కథల పుస్తకాలు, ఒక అట్టముక్క పరీక్ష పత్రం ఇవ్వండి. బహుమతి కచ్చితంగా ఉండాలంటే, జూన్‌లో అక్షరాల దగ్గర ఉండి మార్చికల్లా కథ చదివిన పిల్లలకు ఇవ్వండి. ఆ పిల్లలను ఈ వేదిక మీదికి పిలిచి ఒక పేజీ చదివించండి, తల్లులు ముందు వరుసలో కూర్చుని వింటారు. పిల్లల జాబితా పంపడానికి హెడ్మాస్టర్లకు రెండు గడుల కాగితం చాలు, జూన్‌లో ఏ మెట్టు, మార్చిలో ఏ మెట్టు. కొత్త ఫార్మాట్ అక్కర్లేదు.